గూనికొండ ఎక్కిన మాఘమాసం

మా మామయ్య జకరయ్య గారికి కొండల పిచ్చి పట్టింది గుండెకు స్టెంటు వేసిన తరవాత. రోజూ నడవమన్నాడు డాక్టరు. తోటపల్లి గూడూరులో నడవాలంటే రొయ్యల గుంటల కట్టలే గతి. ఎటు చూసినా నీళ్ళు, ఆ నీళ్ళలో గిరగిరా తిరుగుతూ రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు. వాటిలో సగం ఆయన చేత్తో బాగుచేసినవే. రెండు నెలలు ఆ కట్టల మీద తిరిగి, "ఇది నడక గాదమ్మా వినీలా, కాపలా" అని విసుక్కున్నారు.

నెల్లూరులో రిటైరైన బ్యాంకు వాళ్ళు నలుగురు శనివారాలు వెలుగొండల్లోకి పోతారని తెలిసి వాళ్ళ జట్టులో చేరారు. వానలు వెనకబట్టాక మొదలుపెట్టి జనవరి ఆఖరుకల్లా మూడు చిన్న కొండలు ఎక్కి దిగారు. ఆదివారం చర్చిలో సంఘపెద్దగా కానుకల సంచి పట్టుకుని తిరుగుతుంటే పంచె కింద పిక్కల మీద ముళ్ళ గీతలు కనబడేవి. మా అత్తమ్మ రెబెక్కమ్మ సిగ్గుతో పాటల పుస్తకంలోకి తల దూర్చేసేది.

ఫిబ్రవరి మొదట్లో ఒక సాయంత్రం అన్నం తింటూ, "ఇంక ఈ బుడిపెలు చాలు. గూనికొండ ఎక్కాల" అన్నారు.

నా చేతిలో గరిటె ఆగింది. గూనికొండ మా ఊరి వెనక కొండ. మా ఊరంటే రాపూరు దగ్గర, నా పుట్టిల్లు.

"అదెందుకు మామయ్యా, దానికి దారి కూడా లేదు" అన్నాను.

"నేను బోటు డ్రైవరుగా పోయేటప్పుడు, వాన కడిగిన పొద్దున సముద్రంలో ఎంత లోపలికి పొయినా పడమటి దిక్కున ఒక్క కొండ కనబడేది. గూని మనిషి వంగి నిలబడినట్టు. దాన్ని బోటు ముక్కుకు సూటిగా పెట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళం. అన్నిసార్లు ఇంటికి చేర్చిన కొండని ఒక్కసారన్నా దగ్గిరికి పొయ్యి చూడాలా, వద్దా?"

"చూడు, పో. ఆ బ్యాంకోళ్ళతోనే పో" అంది అత్తమ్మ.

"వాళ్ళు రారంట, దారి లేదని. తెలిసినోళ్ళు కావాల." మామయ్య మజ్జిగ కలుపుకుంటూ, నా వైపు చూడకుండా, "మీ నాన్నకి ఆ కొండంతా తెలుసంట గదమ్మా" అన్నారు.

నా మొగుడు ఫ్రెడ్డీ తింటున్నవాడు తల ఎత్తి వాళ్ళ నాన్నను చూశాడు.

మా నాన్న పద్మనాభయ్య నన్ను పేరు పెట్టి పిలిచి అప్పటికి ఆరేళ్ళు. నేను ఫ్రెడ్డీని చర్చిలో పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "ఆ మెట్లెక్కితే నీ పేరు నా నోట రాదు" అని ఒక్క మాట అన్నాడు. నేను ఎక్కాను. ఆయన మాట మీద నిలబడ్డాడు. మా నాన్న మొండితనం గురించి రాపూరు సంతలో ఎవరిని అడిగినా చెబుతారు.

అలాగని గుమ్మం తొక్కవద్దని అనలేదు. నేను పోతే ఇంట్లోనే ఉండేవాడు. "ఆ వచ్చిన మనిషికి మజ్జిగియ్యి" అని మా అమ్మ పెంచలమ్మకు చెప్పేవాడు. నాకు జ్వరమొస్తే గొడ్ల కొట్టంలోకి పోయి గేదెతో, "ఈ కాలం జరానికి కషాయం పనిచెయ్యదు, టౌనుకు పొయ్యి చూపించుకోవాల" అని నాకు వినపడేంత గట్టిగా అనేవాడు. గేదె కూడా అలవాటుపడి తల ఊపేది. నవ్వుకునేదాన్ని గానీ, తిరుగు బస్సులో నెల్లూరు వచ్చేదాకా ఏడుపు ఆపుకోవడమే నా పని. ఇంటికి పిలవలేదని, చీర పెట్టలేదని నాకు ఏ బాధా లేదు. ఒక్కసారి వినీలా అని పిలిస్తే చాలు.

ఆ రాత్రే మామయ్య స్పీకరు పెట్టి మా నాన్నకు ఫోను చేశారు. వియ్యంకులిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు.

"పద్మనాభయ్య గారా? నేను జకరయ్యని, తోటపల్లి గూడూరు."

చాలాసేపు దగ్గు. "చెప్పండి."

"గూనికొండ ఎక్కాలని ఉండాది. దారి చూపిస్తారేమోనని."

"ఆరోగ్యం బాగలేదని విన్నానే."

"బాగైంది. నిదానంగా ఎక్కమన్నాడు డాక్టరు."

"మూడు నాలుగు గంటలు ఎక్కుడు. దారి ఉండదు. పైన ఒక రాతి దొన తప్పితే నీళ్ళు లేవు. శివరాత్రి దాటితే బండ కాలుద్ది, ఇంక ఎక్కలేం. రెండో శనివారం రాండి, తీసకపోతా."

"నాతో ఇంకో మనిషి వస్తాది."

ఎవరని మా నాన్న అడగలేదు. "నడవగలిగితే రమ్మనండి" అని ఫోను పెట్టేశాడు.

నేను వెళ్ళడం అత్తమ్మ తీర్పు. ఫ్రెడ్డీకి హేచరీలో రొయ్య పిల్ల దించే రోజులు, సెలవు దొరకదు. ఇంకొన్ని రోజులు పోతే ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలవుతాయి, మామయ్యకు రోజూ ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూటం. "ఈ మనిషిని ఒంటరిగా పంపిస్తే కొండ మీదే కాపరం పెడతాడు. నువ్వు పో మే. మాత్రలు నీ దగ్గిరుంచుకో" అంది. నేను స్కూల్లో లెక్కలు చెబుతాను, రెండో శనివారం ఎటూ సెలవే.

ఆ వారమంతా మాది ఒకటే సాధన. మా ఊళ్ళో ఎత్తైన చోటంటే తుఫాను షెల్టరు. పొద్దున్నే రొయ్యల మేత సంచిలో ఇసుక పోసుకుని వీపుకు కట్టుకుని మామయ్య ఆ మెట్లు ఎక్కడం, దిగడం. ఆయన వెనక నేను. మూడో రోజుకు చూసేదానికి జనం పోగయ్యారు. పక్కింటి ముత్యాలయ్య తాత వేపపుల్ల నముల్తూ, "తుఫానేమన్నా వస్తా ఉందా జకరయ్యా, మాకు గూడా చెప్పు, సామాన్లు సర్దుకుంటాం" అన్నాడు. మామయ్య ఆయాసం మధ్యలో, "వస్తే నీకే ముందు చెప్తాలే మావా" అన్నారు. శుక్రవారానికి నా తొడలు రాళ్ళయ్యాయి. ఆయన మాత్రం ఇరవయ్యేళ్ళు తగ్గినట్టున్నారు.

శుక్రవారం పొద్దు గూకే వేళకు మా ఊరు చేరాం. నాన్న గేటు దాకా ఎదురొచ్చి మామయ్యకు దండం పెట్టాడు, మంచం వాల్చాడు, తోటలో అప్పుడే కోసిన నిమ్మకాయలతో రసం కలిపించాడు. నా వైపు చూడలేదు. కానీ రెండు గ్లాసులు తెమ్మన్నాడు.

వాళ్ళిద్దరికీ ఏం మాటలుంటాయా అని నేను, అమ్మ వంటింట్లోంచి చెవులు రిక్కించి కూర్చున్నాం. మొదట దగ్గులే. తరవాత మామయ్య నిమ్మ ఆకు మీద మచ్చలు చూసి ఇదేందని అడిగారు. గజ్జి తెగులన్నాడు నాన్న. మా రొయ్యలకూ తెల్లమచ్చ తెగులుందన్నారు మామయ్య. ఇంక చూడాలి. అన్నం తిని చేతులు కడుక్కున్నా తెగుళ్ళు అయిపోలేదు. అంత ప్రేమగా మాట్లాడుకునే తెగుళ్ళను నేనెక్కడా చూడలేదు.

"మనిషి మంచోడు మాదిరే ఉండాడు" అంది అమ్మ.

"నాన్న కూడా మంచోడేనే అమ్మా" అన్నాను. అమ్మ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

పొద్దున లేచేసరికి అరుగు మీద మూడు వెదురు కర్రలు ఆనించి ఉన్నాయి. మూడోది పొట్టిది, నా ఎత్తుకు కోసినది. కణుపులన్నీ చెక్కి నున్నగా చేసి ఉన్నాయి. "ఆ చిన్న కర్ర ఆ మనిషికియ్యి" అన్నాడు నాన్న అమ్మతో. ఆ కర్ర అరచేతిలో పట్టుకుంటే ఎక్కడా గుచ్చుకోలేదు. అంత నున్నగా చెక్కాలంటే ఆయన మేం రాకముందే చాలాసేపు కూర్చుని ఉండాలి.

తెల్లారే వెలుగులో నిమ్మతోట దాటి వాగులో దిగాం. వాగు ఎండిపోయి, అక్కడక్కడా మడుగుల్లో మాత్రం నీళ్ళున్నాయి. ఫారెస్టు వాళ్ళ దగ్గర రాయించుకున్న కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి జేబులో పెట్టుకున్నాడు నాన్న. "దారి లేని చోట ముగ్గురు మనుషులు నడస్తా ఉంటే చందనం దొంగలనుకుంటారు" అన్నాడు మామయ్యతో. "నా మొహం చూస్తే అట్టా ఉందా?" అని మామయ్య అడిగితే, నాన్న నిజంగానే ఆయన మొహం పరీక్షగా చూసి, "చెప్పలేం" అన్నాడు.

వాగు వెంటే పోతే సులువు కదా అని మామయ్యకు అనిపించింది. నాన్న ఒప్పుకోలేదు. "వాగు పైకి పోను పోను గోడై కూర్చుంటాది. వెన్ను పట్టుకోవాల" అని పక్కకు తిప్పాడు. కొండ వెన్ను మీదికి చేరడానికే గంట పట్టింది. కాలు పెడితే జారే పలక రాళ్ళు, నడుము దాటే బోద గడ్డి, దాని మధ్య కొండ ఈత పొదలు. ఈత పొద కనబడినప్పుడల్లా నాన్న ఆగి, ఎలుగుబంటి తవ్విన మన్ను తడిగా ఉందో పొడిగా ఉందో చూసి కదిలేవాడు. మలుపు వచ్చిన ప్రతిచోటా నిలువు గడ్డి గుప్పెడు పట్టుకుని ముడి వేసేవాడు, తిరిగొచ్చేటప్పుడు గుర్తుకు. ఆకు రాలిన మోదుగుల మీద పూలు విరగబూసి ఉన్నాయి. చలి ఇంకా పోలేదు. ఎండ తగిలిన చోట హాయిగా ఉంది, నీడలోకి పోతే చెవులు జివ్వుమంటున్నాయి.

నాన్న ముందు, మామయ్య మధ్యలో, నేను వెనక. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కానీ రాయి జారే చోటల్లా ఆగేవాడు. గొంతు సవరించుకునేవాడు, కొడవలి పదును చూసుకునేవాడు, తుండు దులిపేవాడు. నేను దాటాక కదిలేవాడు. ఒక చోట రెండు బండల మధ్య నా కాలు ఇరుక్కుంది. నాన్న ఆకాశం వైపు చూసి, "జకరయ్య గారూ, కాలు పక్కకు తిప్పి తీస్తే వచ్చేస్తాది, లాగగూడదు" అన్నాడు. మామయ్య తన రెండు కాళ్ళూ చూసుకుని, నన్ను చూసి, "అట్టాగేనండీ" అన్నారు. నేను కాలు పక్కకు తిప్పి తీసుకున్నాను.

పదకొండు దాటాక పైన చదును బండ మీదికి చేరాం. మామయ్య ఊపిరి బాగానే ఉంది, నాదే బాగా లేదు. తూర్పున మంచు పొర ఇంకా వీడలేదు, సముద్రం కనబడలేదు. సంగటి, పచ్చడి తిన్నాం. తెచ్చిన నీళ్ళు అయిపోవచ్చాయి. నాన్న అడుగున కాసిని నీళ్ళున్న ఒక సీసా మాకు వదిలి, మిగతావి తుండులో మూట గట్టుకుని, "దొన ఆ కిందుండాది. పోను అరగంట, రాను ముప్పావు గంట. ఈ బండ దిగొద్దు" అని మామయ్యకు చెప్పి, అదే మాట రెండోసారి బండకు చెప్పి దిగిపోయాడు. రెండోసారి నాకన్నమాట.

పావుగంట గడిచిందో లేదో, మామయ్య లేచి నిలబడి కళ్ళు చికిలించారు. "ఇది గూని గాదమ్మా. ఇది మెడ. అదుగో గూని."

నిజమే. దక్షిణం వైపు, ఒక పల్లం అవతల, ఇంకొంచెం ఎత్తైన గుండ్రటి బండ ఉంది.

"నాన్న దిగొద్దన్నాడు మామయ్యా."

"ఆయన దారి చూపించింది మెడ దాకా. కొండలోళ్ళకి ఏ బండైనా ఒకటే. నాకు అట్టా గాదు, నలభై ఏండ్లు దూరం నించి చూసిన మనిషిని. పది నిమిషాలు పోదాం, పది నిమిషాలు వద్దాం."

ఆ మొహం చూసి కాదనలేకపోయాను. పది నిమిషాలు ఇరవై అయ్యాయి. గూని మీద ఇద్దరం నిలబడేంత చోటే ఉంది. మామయ్య టోపీ తీసి, వంగి, అరచెయ్యి బండకు ఆనించి, "ఇన్నాళ్ళూ ఇంటికి చేర్చినావు, వందనాలయ్యా" అన్నారు. దేవుడితో అన్నారో, కొండతో అన్నారో నేను అడగలేదు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే నేను అటు తిరిగి నిలబడ్డాను.

తిరుగుదారిలో పల్లంలోకి దిగాక గడ్డి తల దాటింది. వచ్చేటప్పుడు తగలని వెదురు పొద ఒకటి అడ్డమొచ్చింది. దాన్ని చుట్టుకుని అవతలికి వచ్చేసరికి మెడ ఎటో, గూని ఎటో తెలియలేదు. నడి మధ్యాహ్నం, ఎండ నెత్తిన ఉంది. అప్పుడు గాలి వచ్చింది, చల్లగా, గట్టిగా.

"ఆ, వచ్చేసింది" అన్నారు మామయ్య తృప్తిగా. "సముద్రపు గాలి. ఒంటిగంట కొడితే తూరుపు నించి రాకుండా ఉండదు. మనం ఉత్తరానికి పోవాల. అంటే గాలి కుడి చెంపకి తగలాల. పా."

నా చెంపకూ ఆ గాలి తగిలింది. ఇంట్లో బట్టలారేసేటప్పుడు రోజూ తగిలే గాలే అనిపించింది. మామయ్య మాట విని కాదు, నాకు నేనే నమ్మాను. అయినా ఎందుకైనా మంచిదని ఫోనులో దిక్సూచి చూశాను. మేం పడమరకు పోతున్నామంది. మామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ కొండలో ఇనప రాయి ఉంటాదమ్మా, దీనికి పిచ్చి పట్టింది. గాలికి పిచ్చి పట్టదు" అన్నారు. అదీ నిజమేననిపించింది. ఇద్దరం కుడి చెంపలు గాలికి అప్పగించి గంటకు పైగా నడిచాం, దిగాం, జారాం. గడ్డి ముడి ఒక్కటి కనబడలేదు. ఆఖరుకు ఒక బండ అంచున ఆగిపోయాం. కింద నిలువు లోయ. అవతల ఎప్పుడూ చూడని కొండలు వరసగా ఉన్నాయి. సూర్యుడు ఆ కొండల వైపు దిగుతున్నాడు. అంటే మేం చూస్తున్నది కడప దిక్కు.

మామయ్య చాలాసేపు ఆ సూర్యుణ్ణి చూసి, కూలబడి, "గాలి అబద్ధం చెప్పిందమ్మా" అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

మాత్ర ఇచ్చాను. సీసా అడుగున ఉన్న నీళ్ళన్నీ ఆయన చేత తాగించాను. ఇంక కదలకూడదనుకున్నాం. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని పెదవులు కదిపారు. కళ్ళు తెరిచాక నేను అడగాలనుకున్నది అడిగాను.

"నిజం చెప్పండి మామయ్యా. మీరు కొండ కోసమే వచ్చినారా?"

"కొండ కోసమే. నాకు అబద్ధాలు చేతకావు." కొంచెం ఆగి, "దారి తెలిసినోళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఇద్దరుండారని ఆ బ్యాంకాయన చెప్పినాడు. వాళ్ళనడగలా, అంతే" అన్నారు.

ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఏరియేటర్ల గ్రీజు గోళ్ళలోంచి ఎప్పటికీ పోని చెయ్యి అది.

మూడున్నర ప్రాంతంలో పైనుంచి కేక వినబడింది. "హో... ఓయ్." పశువులు కాసేవాళ్ళ కేక. దానికి బదులు ఎలా పలకాలో నాకు నడక వచ్చినప్పటినుంచీ తెలుసు. నోరు తెరిచాను. తెరిచి, మూసుకున్నాను.

"మీ నాన్నే గదా?" అన్నారు మామయ్య.

"ఆయనే."

"పలుకు మరి."

"పలకను. పేరు పెట్టి పిలిస్తే పలుకుతా."

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అరవయ్యేళ్ళు దాటిన మనిషి ముళ్ళలో పడి వెతుక్కుంటుంటే, స్టెంటు వేసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నేను పట్టిన పంతం అది. మామయ్య నన్ను తిడతారనుకున్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి, టోపీ సర్దుకుని, లోయ వైపు తిరిగి కూర్చున్నారు.

మళ్ళీ కేక, ఈసారి కొంచెం దగ్గరగా. "జకరయ్య గారో..."

మామయ్య మర్యాద గల మనిషి. సగం లేచారు. మళ్ళీ కూర్చుని, "నన్నేదో మాటవరసకి పిలస్తా ఉండాడులే. గమ్మునుందాం" అన్నారు గుసగుసగా.

తరవాత ఏమీ లేదు. గడ్డిలో గాలి చప్పుడే. రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు. ఆయన అవతలి వైపు దిగిపోయాడేమో, కాలు జారిందేమో, నా పంతం మండిపోను అనుకుంటూ నేను లేచి నిలబడ్డాను. అరవబోతున్నాను.

"వినీలా..."

ఎదురు బండకు తగిలి ఆ పేరు మళ్ళీ ఒకసారి వినబడింది. ఆ గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు. వణుకుతోంది.

"వినీలా... యాడుండావ్ మే..."

అప్పుడు పలుకుదామంటే నా గొంతు పలకలేదు. ఏడుపు తప్ప ఏదీ బయటికి రాలేదు. మామయ్యే లేచి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, బోటు మీద నుంచి ఒడ్డును పిలిచే కేక ఒకటి వేశారు. ఆ కేకకు చెట్ల మీది కోతులు లేచి పారిపోయాయి.

నాన్న వచ్చేసరికి తుండు లేదు, పిక్క మీద నెత్తురు కారుతోంది. నీళ్ళ సీసాలు మాత్రం చంకలో భద్రంగా ఉన్నాయి. నేరుగా నా దగ్గరికి వచ్చి, నా చేతులు చూశాడు, మోకాళ్ళు చూశాడు, ఒక సీసా నా చేతిలో పెట్టాడు. ఇంకొకటి మామయ్యకిచ్చాడు. నేను రెండు గుక్కలు తాగేదాకా ఆగి మొదలుపెట్టాడు.

"బండ దిగొద్దని చెప్తే అర్థం కాదా నీకు? ఈ కొండ కింద పుట్టినదానివేనా? యాడికి పొయినారు ఇట్టా?"

"సముద్రపు గాలి అనుకున్నాం నాన్నా."

"సముద్రం యాడుండాది, కొండ యాడుండాది? మధ్యానం పూట ఇక్కడ గాలి లోయల్లోంచి పైకి లేస్తాది. పసిపిలకాయలకి గూడా తెలుసే. ఆరేండ్లకే ఇంతగా ఆ ఊరి మనిషివై పొయినావా?"

"తప్పు నాదండీ" అన్నారు మామయ్య.

"మీదెందుకవుద్ది? మీకు తెలవదు. దీనికి తెలవాల." నాన్న నా వైపు తిరిగాడు. "నేను మొదట వేసిన కేక వినపడలా?"

"వినపడింది."

"మరి పలకలేదేం?"

మామయ్య కళ్ళజోడు తీసి అద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. నాకు కూడా అబద్ధాలు చేతకాని రోజు అది.

"నువ్వు నా పేరు పిలుస్తావేమోనని నాన్నా."

నాన్న నన్ను చాలాసేపు చూశాడు. ఆరేళ్ళ తరవాత అంతసేపు చూడటం అదే. మామయ్య వైపు తిరిగి, "చూసినారా బావగారూ, ఎంత మొండిదో. దీన్ని మీ ఇంట్లో ఎట్టా భరిస్తా ఉండారు?" అన్నాడు.

"మేం దీనికి అలవాటుపడినాం బావా" అన్నారు మామయ్య. "మీరే ఇంక పడాల."

నాన్న తన చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని, కొడవలి అందుకుని, "పదండి, పొద్దు పోతా ఉంది. వినీలా, నువ్వు నా వెనకే నడువు" అన్నాడు.

మళ్ళీ వెన్ను మీదికి ఎక్కి దిగడం మొదలుపెట్టాం. ఈసారి నాన్న వెనక నేను, నా వెనక మామయ్య. "వినీలా, ఇక్కడ రాయి జారుద్ది" అన్నాడు నాన్న. జారే రాయే. "వినీలా, ముల్లు" అన్నాడు. ముల్లు ఉంది. కొంతసేపటికి, "వినీలా, చూసుకో" అన్నాడు. చూసుకోవడానికి అక్కడ ఏమీ లేదు, మెత్తటి మన్ను. అయినా "ఆ నాన్నా" అన్నాను. వాగు దాటాక ఒకసారి, గట్టు ఎక్కాక ఒకసారి పిలిచాడు. నిమ్మతోటలోకి వచ్చాక, నీళ్ళు పారించడానికి చదును చేసిన నేల మీద, మా అమ్మ లాంతరులాంటి చార్జింగు లైటు పట్టుకుని ఎదురొస్తుండగా కూడా, "వినీలా, నిదానంగా నడువు" అన్నాడు.

"ఆ నాన్నా, నడస్తా ఉండా" అన్నాను.